రాజకళ

“బిడ్డల్ని తెచ్చినావా, లేదా?” గొడుగు కింద నుంచే అరిచాడు నరేంద్ర.

“తెచ్చినా సార్,” అంది ఆసియా.

మడకశిర కొండ మీద పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. పాలెగాళ్ల కాలం కథతో నరేంద్ర తీస్తున్న తొలి వెబ్ సిరీస్ అది. కోటలో షూటింగ్‌కు అనుమతి ఆ సాయంత్రం దాకానే. శత్రువులు కోటలో జొరబడితే, దాసి తన బిడ్డను ఊయల్లో పడుకోబెట్టి, రాజు బిడ్డను గంపలో దాచి తీసుకుపోతుంది. కథకు ప్రాణం ఆ సీనే. దానికి ఇద్దరు చంటిబిడ్డలు కావాలి. దొరక్కపోతే ఇక పనిలోకి రావద్దని, కొత్తగా చేరిన అసిస్టెంటు ఆసియాకు నిన్ననే చెప్పేశాడు.

ముందు రాజు బిడ్డ వచ్చాడు. ధర్మవరం పట్టుచీర కట్టుకున్న చౌడేశ్వరి ఎత్తుకొచ్చింది. ఒంటికి జరీ చొక్కా, మొహానికి పౌడరు. రాణి వేషం వేసినామె ఒళ్లోకి పోగానే, వాడు ఆమె హారం పట్టుకుని కోట దద్దరిల్లేలా ఏడుపందుకున్నాడు.

నరేంద్ర మురిసిపోయాడు. “ఆ పట్టు చూడు ఆసియా! అదీ అధికారమంటే. పుట్టుక యాడికి పోతాది? ఇట్లాంటి కళ దాసి బిడ్డకు రమ్మన్నా రాదు.”

ఏడుపు ఆగలేదు. చౌడేశ్వరి వాణ్ని డేరా వెనక్కి తీసుకుపోయి, కాసేపటికి నిద్రమత్తుతో జోగుతున్నవాణ్ని తెచ్చింది. షాట్ ఒక్క టేకులో అయిపోయింది.

“రెండోవాడేడీ?”

“మధ్యాన్నం తెస్తా సార్.”

“ఇద్దర్నీ ఒకేసారి తెస్తే ఏం పోయింది?”

“ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే మీరేం తీస్తారు సార్?”

అదీ నిజమే అనుకున్నాడు నరేంద్ర.

భోజనాలయ్యాక డేరా వెనక నుంచి ఆంజినమ్మ వచ్చింది. గొర్రెలు కాసుకునే మనిషి. వెలిసిన చీర, పాలతో తడిసిన రవిక. సంకలో నూనె జిడ్డు కారుతున్న బిడ్డ. వాడి ఒంటి మీద మొలతాడు, మొహాన ఇంత కాటుక, అంతే.

“కథలో ఈ బిడ్డ ఏమైతాడు సార్?” అడిగింది.

“రాజు బిడ్డ అనుకుని శత్రువులు చంపేస్తారు.”

ఆంజినమ్మ బిడ్డను గట్టిగా హత్తుకుంది. “వాళ్లమ్మ ఏడ్సదా?”

నరేంద్ర తడబడ్డాడు. రాసేటప్పుడు ఆ సంగతే తట్టలేదు. “ఏడ్చేది మేం తీయడంల్యా.”

“బిడ్డ పేరేంది?”

“దాసి బిడ్డకు పేరు పెట్టలేదమ్మా.”

“నేనియ్యను పో సార్.”

ఆసియా మొహం పాలిపోయింది. ఆంజినమ్మ వెనక్కి తిరిగి రెండడుగులు వేసి, ఆగింది.

“మరి ఆ రాజు బిడ్డ?”

“బతుకుతాడు. పెరిగి పెద్దయి రాజైతాడు.”

“వానికేం కాదు కదా?”

“వెంట్రుక కూడా కదలదు.”

ఆమె చౌడేశ్వరిని చూసింది, ఆసియాను చూసింది. “అట్లయితే తీసుకోండి,” అంటూ బిడ్డను ఊయల్లో వేసింది.

నరేంద్ర ఆశ్చర్యపోయాడు. పరాయి బిడ్డ బతుకుతాడంటే తన బిడ్డను ఇచ్చేసిందే! పేద తల్లుల మనసు అంతే కాబోలు. తను రాసింది ముమ్మాటికీ నిజమేనని పొంగిపోయాడు.

దాసి వేషం వేసినామె వంగగానే, బిడ్డ ఆమె పూసలదండ పట్టుకుని కోట దద్దరిల్లేలా ఏడ్చాడు.

“చూసినావా ఆసియా? ఇది ఆకలి ఏడుపు. చేతికేది దొరికితే అది పట్టుకుంటాండాడు. పేదరికం పుట్టుకతోనే మొఖంలో కనపడతాది.”

“అవును సార్,” అంది ఆసియా తల వంచుకుని.

పొద్దు వాలేసరికి సీన్ పూర్తయింది. “ఇద్దర్నీ భలే పట్టినావు. రేపు తప్పకుండా రావాల,” అన్నాడు నరేంద్ర. ఆసియా గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

కొండ కింద ఆంజినమ్మ బిడ్డతో ఆటో ఎక్కింది. వెనకాలే పట్టుచీర ఎగదోపుకుని చౌడేశ్వరి వట్టి చేతులతో ఎక్కబోయింది. సాగనంపడానికి వచ్చిన నరేంద్ర కంగారుపడ్డాడు.

“ఏమ్మా, నీ బిడ్డను యాడ మర్చిపోయినావు?”

చౌడేశ్వరి ఆంజినమ్మ ఒళ్లోని బిడ్డను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నాకింకా పెండ్లే కాలేదు సార్.”