కాయను నమ్మొద్దు

కొబ్బరికాయ చేతిలోకి తీసుకోగానే జయరాముకు నవ్వొస్తోంది.

నాటకంలో అతనిది బోరు పాయింట్లు పెట్టేవాడి వేషం. అరచేతిలో కాయను పడుకోబెట్టుకుని చేనంతా నడవాలి. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడాలి. రైతు అక్కడే బోరు వేయించి, నీళ్లు పడక అప్పుల్లో మునిగిపోవాలి. చివర అందరూ కలిసి ‘కాయను నమ్మొద్దు’ అని పాడాలి. జయరాము చేతిలో కాయ నిలబడదు సరికదా, దొర్లి డప్పు మీద పడుతోంది.

నేర్పుతున్న భారతి తల పట్టుకుంది.

వరుస కరువులు. అనంతపురం జిల్లా యాడికి చుట్టుపక్కల ఊళ్లలో చదువు మానేసిన పన్నెండు మంది పిల్లల్ని చేరదీసి, పొద్దున చదువు, మధ్యాహ్నం నాటకం నేర్పుతోంది భారతి పనిచేసే ట్రస్టు. ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: ‘ప్రతి మనిషిలోనూ ఒక కళాకారుడు ఉన్నాడు.’

“అట్ల కాదు నాయనా, ఇట్ల పట్టుకోవల్ల.”

గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ తిమ్మప్ప లేచి వచ్చాడు. పనిలో చేరి రెండు నెలలైంది. మాట తక్కువ మనిషి. కాయను అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని నాలుగడుగులు వేశాడు. కాయ మెల్లగా వణికి, లేచి నిలబడింది.

పిల్లలు నోళ్లు తెరిచారు.

“యాడ నేర్చుకున్యావు తాతా?”

“శానామందిని చూసినాలే.”

గోడ మీది మాటను భారతి ఆ రోజే పూర్తిగా నమ్మింది.

వేషం తిమ్మప్పదైంది. చివర్లో ఆయన సొంతంగా ఒక మాట కలిపాడు. మునిగిపోయిన రైతు ముందు మోకాళ్ల మీద కూర్చుని, “నాకేం తెల్దప్పా. ఈ కాయకూ ఏం తెల్దు. నా మాట ఇని చెడిపోతివి,” అనేవాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకునేవారు. ట్రస్టు పత్రికలో ఆయన ఫొటో వేసి, ‘గేటు దగ్గర దొరికిన నటుడు’ అని రాశారు.

చిక్కంతా నాటకం అయిపోయాక వచ్చేది. పాట ఎవరూ వినేవారు కాదు. వేషం తీయకముందే ఆయన్ని చుట్టుముట్టేవారు.

“తాతా, మా చేన్లో ఒక పాయింటు పెట్టు.”

“అది నాటకమప్పా. నాటకంలో గూడా నీళ్లు పడ్లేదు గదా!”

“నాటకమన్యాక పడనట్ల చూపించల్ల. కాయ నిలబడిందా, లేదా?”

“నాకు రాదంటే ఇనరేమప్పా!”

“చూడు, రాదంటాండాడు. తెలిసినోళ్లు యాడన్నా తెలుసంటారా? తాతా, నీ రక్తం ఏ గ్రూపు?”

“ఏమో, తెల్దు.”

“ఓ పాజిటివే!” అని గుంపంతా తేల్చేసేది. ఓ పాజిటివ్ వాళ్లకే భూమిలో నీళ్లు తెలుస్తాయని అక్కడ గట్టి నమ్మకం.

తిమ్మప్ప లొంగేవాడు కాదు. జనం ఊరుకునేవారూ కాదు. మరొకణ్ణి పిలిపించి పాయింటు పెట్టించుకునేవారు.

అనంతపురం నుంచి ట్రస్టు పెద్ద జోయల్ సార్ జీపులో వచ్చాడు.

“నాటకం ఆడిన తొమ్మిది ఊళ్లలో కొత్త బోర్లు ఎక్కువైనాయి. ఆడని ఊళ్లే మేలు. ఏమ్మా భారతీ, మనం బోర్లకు ప్రచారం చేస్తాండామా? ఇంగొక్క ఊరు చూస్తా. ఆడా ఇంతే అయితే ఈ బృందం ఎత్తేస్తాం.”

బృందం పోతే పన్నెండు మందీ బెంగళూరు కూలికి పోవాల్సిందే.

పదో ఊళ్లో, జోయల్ సార్ చూస్తుండగానే, రంగన్న అనే రైతు తిమ్మప్ప కాళ్లు పట్టుకుని వదల్లేదు. ఏడు బోర్లు ఎండిపోయాయి. చీనీ తోటలో బత్తాయి చెట్లు ఆకు రాలుస్తున్నాయి. బోరు లారీని ముందే తెచ్చి తోటలో నిలబెట్టుకున్నాడు.

భారతికి ఒక ఆలోచన వచ్చింది.

“పెట్టు తాతా. నీళ్లు పడవు, అందరి ముందరా దుమ్మే లేస్తాది. అప్పుడన్నా నాటకం చెప్పింది నమ్ముతారు.”

తిమ్మప్ప మొహం పాలిపోయింది. “ఒద్దు తల్లీ. నాటకంలో పట్టుకుంటా. చేన్లో పట్టుకోను.”

“ఎట్లా రంగన్న ఏపిచ్చేదే గదా. పిల్లోళ్ల కోసం తాతా.”

తిమ్మప్ప పన్నెండు మంది మొహాలూ చూశాడు. తోట చివర గడ్డి కూడా మొలవని బండ ఉంది. నేరుగా దాని మీదికి వెళ్లాడు. కాయ నిలబడనే లేదు. దాన్ని పక్కకు విసిరేశాడు.

“ఈడ. నీళ్లు పడవు. కావాలంటే రాసిస్తా.”

“పెద్దోళ్లు అట్లే అంటారు,” అని రంగన్న ఆ కాయనే తెచ్చి కళ్లకద్దుకుని, అక్కడ కొట్టాడు.

లారీ మొదలైంది. వంద అడుగులు. దుమ్ము. రెండు వందలు. తెల్లటి దుమ్ము. దుమ్ము లేచినప్పుడల్లా పిల్లల మొహాలు వెలిగాయి. జయరాము చప్పట్లు కొట్టబోతే భారతి చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ జిల్లాలో నీళ్లు పడకూడదని మొక్కుకున్న మొదటి మనిషి తానేనేమో. రంగన్న వైపు చూడలేక తల దించుకుంది.

మూడు వందల పది అడుగుల దగ్గర దుమ్ము తడిసింది. తర్వాత బురద. తర్వాత లారీ నెత్తిన నీళ్లు ఎగిశాయి.

“మూడించుల నీళ్లప్పా! మూడించులు!”

‘కాయను నమ్మొద్దు’ బ్యానరు మీద రంగు కారిపోయింది. ఊరి జనం బృందం డప్పే లాక్కుని వాయించారు. రంగన్న బురదలో పొర్లాడు.

జోయల్ సార్ తడిసిన నోటుపుస్తకం మూశాడు. “అయిపోయిందమ్మా, బృందం కత,” అన్నాడు. ఆ తర్వాత తిమ్మప్ప దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు.

“తాతా, నార్పల కాడ మాకూ నాలుగెకరాల చీనీ ఉండాది...”

తిమ్మప్పకు వినబడలేదు. నీళ్ల మధ్య చతికిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. భారతి పక్కన కూర్చుంది.

“పిల్లోళ్ల కోసమేనా తాతా? ఊరుకో. ఏదో ఒకటి చేద్దాంలే.”

తిమ్మప్ప తల అడ్డంగా ఊపాడు.

“ముప్పై ఏండ్లు నిజంగానే కాయ పట్టుకోని ఊరూరా తిరిగి నూటాపద్దెనిమిది బోర్లు ఏపిస్తి తల్లీ, నీళ్లు పడింది ఇదే మొదుటిది.”