ఊదని ఈల

రెఫరీ రామనర్సయ్య బావి దగ్గర మొహం కడుక్కుంటుంటే, సైకిలు హ్యాండిలుకు వేలాడుతున్న అతని ఈలలో వెంకన్న చింతపండు కూరేశాడు. వేలితో గట్టిగా నొక్కి, ఏమీ ఎరగనట్టు వచ్చి తన ఆటగాళ్ళ మధ్య కూర్చున్నాడు.

సూర్యాపేట ఫుట్‌బాల్ జట్టుకు అతనే కెప్టెన్. ఆ ఏడు జిల్లాలో రేగిన గొడవలన్నీ సద్దుమణిగి బస్సులు మళ్ళీ తిరుగుతున్న చలికాలం అది. కోదాడతో పోటీ పెట్టుకుని, ఎవరి ఊళ్ళోనూ వద్దని మిర్యాలగూడలో ఆడుతున్నారు. సగం ఆటకు చెరో గోలు. కోదాడ చేతిలో వెంకన్న ఇదివరకే రెండుసార్లు ఓడాడు. ఈసారీ ఓడితే జట్టులోని పర్వతాలును కెప్టెన్ చేస్తామని ఊళ్ళో తేల్చి చెప్పారు.

కోదాడ సుధాకర్ కాళ్ళకు బంతి దొరికితే ఆపడం ఎవరి తరమూ కాదు. పట్టి లాగాల్సిందే. లాగితే రెఫరీ ఊదుతాడు. ఈల మూగదైతే?

రెండో సగం మొదలుపెట్టబోతూ రామనర్సయ్య ఈల నోట పెట్టుకున్నాడు. మొహం పుల్లగా ముడుచుకుంది. ఈల తీసేసి, చేతిరుమాలు ఊపి ఆట మొదలుపెట్టించాడు. వెంకన్న నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

ఇక అతని కాళ్ళకూ మోచేతులకూ అడ్డు లేదు. రామనర్సయ్య చేతులూపి, అరిచి, బంతిని వెనక్కి తెప్పించేసరికి కోదాడ ఊపు చల్లారిపోయేది.

ఆట ముగుస్తుందనగా సుధాకర్ దూసుకొచ్చాడు. వెంకన్న అతని చొక్కా దొరకబుచ్చుకున్నాడు. సగం చొక్కా వెంకన్న చేతిలో మిగిలింది. మిగతా సగంతో వెళ్ళి సుధాకర్ గోలు కొట్టాడు.

గోలేనని రెఫరీ చెయ్యి చూపాడు.

వెంకన్న పరుగెత్తుకొచ్చాడు. "సారూ, ఫౌల్! నేనే గుంజిన! సూడుండ్రి, అంగీ నా చేతుల్నే ఉన్నది!"

"సూసిన. నువ్వు గుంజినా పిలగాడు ఆగలే. ఆట ఆపితే లాభం నీకే. తప్పు చేసినోనికి లాభమెట్ల ఇస్తనయ్యా?"

జనం చప్పట్లు కొట్టారు. "మావోడి చొక్కా మాకిచ్చెయ్యవయ్యా!" అని కోదాడ వైపు నుంచి ఎవరో అరిచారు.

వెంకన్నకు ఒళ్ళు మండింది. ఊదలేక ఊదలేదు, పైగా న్యాయాలు చెబుతున్నాడు!

"అంత అబద్ధం! మీరు ఊదుదామన్నా అది మోగదు సారూ. దాన్ల చింతపండు పెట్టింది నేనే! ఈల లేని ఆట చెల్లది, ఈ గోలు చెల్లది!"

రామనర్సయ్య తాపీగా లాగు జేబులోంచి ఇంకో ఈల తీసి, చెవులు గింగురుమనేలా ఊది, వెంకన్నను బయటికి పొమ్మని వేలు చూపాడు.

"ఒక్క ఈలతోని ఎవరన్న ఆటకొస్తరా బిడ్డా? కూరినోడెవడో వాని నోటితోనే చెప్తడని, ఇంతసేపు దీన్ని ఊదలే."