బర్క్ చేసిన తప్పులు

“దీన్ని ఎవరు పగలగొట్టారు?”

పనివాళ్ళు ‘మామా’ అని పిలిచే ఇంటి యజమానురాలి చేతిలో పూలకూజా ముక్క ఉంది. నేల తుడుస్తున్న వెంకటేశ్వరి లేచి నిలబడింది. బల్ల కింద బర్క్ తోకను కాళ్ళ మధ్య ముడుచుకుని వణుకుతోంది.

“నేనే మామా. చెయ్యి జారింది.”

“నీకు కళ్ళున్నాయా?”

“తప్పయింది మామా.”

మామా విసురుగా వెళ్ళిపోయింది. బర్క్ మెల్లగా బయటికి వచ్చి వెంకటేశ్వరి మోకాలికి ఆనుకుంది.

బర్క్ పందేల్లో పరుగెత్తిన కుక్క. కాలు దెబ్బతిని వెనకబడ్డాక యజమాని వదిలేశాడు. జంతువుల ఆశ్రమం వాళ్ళు దాన్ని కువైట్‌లో, అబూ హలీఫాలోని ఈ ఇంటికి పెంపకానికి ఇచ్చారు. నెల రోజులు చూసి, ఇంటికి అలవాటు పడకపోతే తిరిగి పంపమన్నారు.

“ఒకసారి తిరిగిపోయినదాన్ని మళ్ళా ఎవురూ తీసుకోరంట అక్కా” అన్నాడు డ్రైవర్ శివకుమార్. అతనిది రాయచోటి. వెంకటేశ్వరిది కడప పక్కన పల్లె.

ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగిపోయింది.

బోనులో పెరిగిన బర్క్‌కు ఇల్లంటే ఏమిటో తెలియదు. మెట్ల ముందు నిలబడి ఏడ్చేది. బయట పిల్లి కనిపిస్తే గాజు తలుపును గుద్దుకునేది. వెంకటేశ్వరి దాని ముక్కు ఎత్తులో గాజు మీద కాగితం ముక్కలు అంటించింది. ఒక్కో కాలూ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించింది.

“నేనూ ఇంతేలే నాయనా. లిఫ్టు తలుపు మూసుకుంటే సచ్చిపోయినాననుకున్యా.”

ఆమె ఇస్త్రీ చేస్తున్నంతసేపూ అది తన బరువంతా ఆమె కాలి మీద వేసి నిలబడేది. ఆ ఇంట్లో ఆమెను ఆనుకునే ప్రాణి అదొక్కటే.

తివాచీ తడిసిన రోజు బకెట్టు ఒలికిందని చెప్పింది. చెప్పు చిరిగిన రోజు వాషింగ్ మెషీన్లో పడిందని చెప్పింది. చుట్టాల కోసం వండిన పళ్ళెంలో కోడి మాయమైన రోజు మాత్రం ఏం చెప్పాలో తోచలేదు.

“ఆకలేసి తినేశాను మామా.”

శివకుమార్ నవ్వు ఆపుకోలేకపోయాడు. “కోడంతా తిన్యావా? ఎముకలతో గూడా?”

“మామా నమ్మింది గదా!”

“నమ్మింది. అదే నా బాధ.” అతని నవ్వు ఆగిపోయింది. “అన్నీ నీ నెత్తినే ఏసుకుంటాండావే?”

“నన్నయితే తిడతాది, అంతే గదా. దాన్నయితే పంపిచ్చేస్తాది.”

నెల నిండిన రోజు పొద్దున్న మామా హాల్లో ఎవరితోనో గట్టిగా ఫోన్లో మాట్లాడింది.

“ఖలాస్. నా ఓపిక అయిపోయింది. రోజుకొకటి పాడవుతోంది. ఈ రోజే వెనక్కి పంపిస్తున్నా.”

వంటగదిలో వెంకటేశ్వరి చేతిలోని గరిటె కింద పడింది. ఇన్ని అబద్ధాలు ఆడినా మామాకు తెలిసిపోయిందన్నమాట! కిటికీలోంచి చూస్తే శివకుమార్ కారు తీస్తున్నాడు.

ఆమె ఏడవలేదు. ఏడవడానికి సమయం లేదు. బర్క్ దుప్పటి మడిచింది. గిన్నె కడిగింది. ఉడికించిన కోడి ముక్కలు డబ్బాలో పెట్టింది. దాని మెడకు పట్టీ కట్టి గేటు దగ్గరికి నడిపించుకొచ్చింది.

శివకుమార్ కారు వెనక తలుపు తెరిచి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

“శివా, ఆడ వాళ్ళకు సరింగా చెప్పు. దీనికి మెట్లెక్కడం వచ్చని చెప్పు. మంచిదని చెప్పు. ఇది తప్పులేమీ చెయ్యలేదని నేను జెప్పినానని చెప్పు. ఎవురో ఒకరు తీసుకుంటారులే. తీసుకుంటారు గదా?”

అతను పట్టీ అందుకోలేదు.

“పట్టుకో నాయనా. మామా చూస్తాంది.”

శివకుమార్ తల ఎత్తాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“కారు దానికి గాదక్కా, నీకు.”