పురుగుల సీసా

"బాపూ, జర కడుపు చూడు. లోపలికి గుంజుకపోయిందా లేదా?"

సదానందం కళ్లద్దాలు సవరించుకుని తొట్టి అద్దానికి ముక్కు ఆనించాడు. బొటనవేలంత చేప. నీలం ఒంటి మీద నారింజ రంగు చారలు మెలికలు తిరిగి ఉన్నాయి. మాండరిన్ అట దాని పేరు. రాళ్ల సందులో నోటితో అటు రెండు పొడుపులు, ఇటు రెండు పొడుపులు పొడిచి మళ్లీ అద్దం దగ్గరికే వచ్చి ఆగింది. ఎటు తిరిగినా అద్దమే, ఇంకెక్కడికి పోతుంది పాపం.

"నాకైతే గుండ్రంగనే కనవడ్తాంది బిడ్డా."

"అది ఉబ్బు. లోపలంత ఖాళీ." కావ్య బకెట్‌లో సముద్రపు ఉప్పు కలుపుతోంది. "గింత చిన్న తొట్టిల దానికి తిండి యాడ దొరుకుతది? బతికున్న పురుగే తేవాలె."

"మరి గీ డబ్బాల పొడి గింజలు?"

"మాండరిన్లు గవ్వి ముట్టయి బాపూ. ఎవ్వలనడిగినా గదే చెప్తరు."

కావ్య శివనగర్‌లో విన్సెంట్ నడిపే అక్వేరియం షాపులో పనిచేస్తోంది. ఊరెళ్తూ కస్టమర్ ఎవరో ఈ చేపను షాపులో అప్పగిస్తే, విన్సెంట్ దాన్ని నమ్మకంగా కావ్య చేతిలో పెట్టాడు. చేప చస్తే కావ్య ఉద్యోగం కూడా పోయినట్టే. దానికి కావలసిన నలుసంత పురుగులు విన్సెంట్ డాబా మీద టబ్బుల్లో పెరుగుతాయి. పొద్దున పట్టినవి ఎండ ముదరకముందే వెయ్యాలి. షాపుకు పోయేలోగా కావ్య తొట్టి నీళ్లు మార్చాలి. దాంతో సీసా తెచ్చే పని సదానందం నెత్తిన పడింది.

పని చిన్నదే. గేటు దాటడమే పెద్దది.

సదానందం బస్సు డ్రైవరు. రఘునాథపల్లి దగ్గర హైవే మీద లారీ అడ్డంగా వచ్చిన రోజున, అతని పక్కనే నిలబడి ముచ్చట చెబుతున్న కండక్టర్ రాజమల్లు పోయాడు. డ్రైవర్ తప్పేం లేదని ఆఫీసర్లు తేల్చారు. సదానందం మాత్రం తేల్చుకోలేదు. అప్పటినుంచి స్టీరింగ్ పట్టలేదు, బస్సెక్కలేదు, ఒక పెళ్లికి పోలేదు, చావుకు పోలేదు. ప్రతి మేడారం జాతరకూ స్పెషల్ బస్సు నడిపిన మనిషి, మొన్నటి జాతరకు వాడకట్టంతా కదిలిపోతుంటే కిటికీ రెక్క మూసుకుని కూర్చున్నాడు.

చేప వచ్చిన రోజు కూడా "నాతోని కాదు" అనే అన్నాడు. కావ్య సాయంత్రం తొట్టి ముందు కూర్చుని ముక్కు ఎగబీల్చింది. గోరంత చేపకు కొండంత చాకిరీ అని సణుక్కుంటూ మర్నాడు చెప్పులు వేసుకున్నాడు సదానందం. ఎంత దూరమైనా సరే, ఒక్క బస్సూ కంటపడని గల్లీల వెంట నడిచి వెళ్తున్నాడు.

ఇవాళ సీసా అందిస్తూ విన్సెంట్ అడిగాడు, "ఏ తొవ్వల వస్తానవ్ అన్నా?"

"గల్లీలకెల్లి."

"రోడ్డు మీదికెల్లి అయితే జల్ది పోతవు గదనే."

"నీకెందుకు తమ్మీ ఆ ఫికర్? సీసా ఇయ్యి."

తిరుగుదారిలో చూస్తే గల్లీకి అడ్డంగా తవ్వే మిషన్ నిలబడి ఉంది. పైపుల కోసం ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తవ్వేశారు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు గానీ, ఇక్కడ ముందే గొయ్యి, వెనక బస్సుల రోడ్డు. ఇంకో తోవ లేదు. చేతిలో సీసా వెచ్చబడుతోంది. ఎవరిదో నల్లా కింద తువ్వాలు తడిపి దానికి చుట్టి, రోడ్డు అంచుకు వచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

బ్రేకు చప్పుడు విని గోడకు ఇంకా అతుక్కుపోయాడు. బస్సు సరిగ్గా అతని ముందే ఆగింది.

"సదానందమన్నా, నువ్వేనానే?" ఫుట్‌బోర్డు మీద భానుచందర్, పాత డిపో కండక్టర్. "ఎక్కు. మీ కోట దాకనే పోతాంది."

"వద్దు తమ్మీ. నేను నడుస్త."

"గీ ఎండల నడుస్తవా?"

సదానందం సీసా వైపు చూశాడు. తెల్లటి నలుసులు సగం అడుగున పడిపోయాయి, మిగతావి నెమ్మదిగా కదులుతున్నాయి. పక్కనున్న మనిషినే బతికించుకోలేకపోయిన చేతులివి. వీటిలో ఇంకో ప్రాణం పోవద్దు అనుకున్నాడు. కళ్లు మూసుకుని కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టాడు.

భానుచందర్ రెక్క పట్టి డ్రైవర్ వెనక సీట్లో కూర్చోబెట్టాడు. పాదాల కింద ఇంజను అదరగానే సదానందానికి ఏడుపు ఆగలేదు. సీసాను గుండెకు అదుముకుని ఏడ్చాడు. కోట దర్వాజా దగ్గరికి వచ్చేసరికి కళ్లు తెరిచి రోడ్డు చూస్తున్నాడు. డ్రైవర్ గేరు మార్చడం ఆలస్యమైందని మనసులో విసుక్కున్నాడు కూడా.

దిగి ఇంటికి దాదాపు ఉరికాడు. రోజూ చేరే వేళకు ఇంకా చాలా టైముంది. బస్సెక్కిన బిడ్డా అని చెప్పాలి, అప్పుడు ఆమె మొహం చూడాలి. చప్పుడు చెయ్యకుండా గేటు తీశాడు.

కావ్య తొట్టి ముందు కూర్చుని ఉంది, వీపు ఇటు తిప్పి. ఒళ్లో డబ్బా, పక్కన దాని మూత.

"జల్ది తిను," అంటోంది చేపతో. "బాపు వచ్చే యాళ్లయితాంది."

చేప పొడి గింజలను ఒక్కొక్కటే ఏరుకుని తింటోంది.