మనకు నల్లవే వచ్చినయ్

నాగరాణికి బీపీ నూట అరవై దాటింది. వయసు చూస్తే ముప్పై నాలుగే. తాండూరు డాక్టరు నమ్మలేక రెండోసారి పట్టీ చుట్టి చూశాడు. ఇంట్లో ఏమైనా గొడవలా అని అడిగాడు.

"గొడవల్లేవు సార్. చెస్సు," అంది నాగరాణి.

ఎన్నాళ్ళుగా ఆడుతున్నారని అడిగాడాయన.

"మూడేండ్ల సంది ఆడుతున్నం సార్. మూడేండ్ల సంది రెండో ప్రైజే వస్తున్నది. చెస్సు ఆడితే టెన్షన్ వస్తదా?"

"ఆటతోని రాదమ్మా. పక్కోళ్ళను చూస్తే వస్తది."

ఒక మాత్ర రాసిచ్చి, నాలుగు జాగ్రత్తలు చెప్పాడు. పోటీ రోజున కడుపు నిండా తినొద్దన్నాడు. ముందురోజు రాత్రి ఆట ఊసెత్తొద్దన్నాడు. ఊపిరి మెల్లగా తీసి, మెల్లగా వదలమన్నాడు. ఎదుటి మనిషి మొహం మాత్రం అస్సలు చూడొద్దన్నాడు.

మిగతావన్నీ సరే. జబీన్ మొహం చూడకుండా ఉండటం ఎలా? ఆమెది పక్క వీధే. మూడేళ్ళ ఫస్ట్ ప్రైజ్ కప్పులూ టీవీ పక్కనే, సరిగ్గా రోడ్డు మీదికి కనబడేలా పెట్టుకుంది మహాతల్లి. నాగరాణి కూరగాయలకు వెళ్ళాలన్నా ఆ గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ కళ్ళు అటే పోయేవి.

అది కుళ్ళేనని నాగరాణికి తెలుసు. దాచుకోలేదు కూడా. "ఆమెను చూస్తే నా కడుపు మండుతది," అని మొగుడికే చెప్పింది. నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ నుంచి ఒళ్ళంతా రాతిపొడితో వచ్చిన మల్లేశ్వర్, విననట్టే స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆదివారం వికారాబాద్‌లో జిల్లా పోటీ. మొదటి స్థానంలో వచ్చినవాళ్ళకే రాష్ట్రపోటీలు. రెండో స్థానానికి ఒక సర్టిఫికెట్టూ, చప్పట్లూ.

నాగరాణి ఎక్కిన బస్సులోనే జబీన్ కూడా ఎక్కింది. ధారూరు రాకముందే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నాగరాణికి ఒళ్ళు మండిపోయింది. రాత్రంతా కన్ను మూయనిది తను, హాయిగా గురక పెట్టేది ఆవిడానూ. గెలిచేవాళ్ళకు నిద్ర కూడా తేరగా దొరుకుతుంది కాబోలు.

మధ్యాహ్నానికి నాలుగు రౌండ్లు అయిపోయాయి. అనుకున్నంతా అయింది. చివరి రౌండు మళ్ళీ వీళ్ళకూ వాళ్ళకూ మధ్యే పడింది. జబీన్ వాళ్ళు అర పాయింటు ముందున్నారు. డ్రా అయినా కప్పు వాళ్ళదే. నాగరాణి వాళ్ళు గెలిచి తీరాలి.

ఆటకు ముందు మొగుడికి ఫోన్ చేసింది. "ఈసారి గూడ మనకు నల్లవే వచ్చినయ్. మొదటి ఎత్తు మల్ల వాళ్ళదే," అంది ఏడుపు గొంతుతో. జర నీళ్ళు తాగమన్నాడు మల్లేశ్వర్.

గంట కొట్టారు. ఆట మొదలైంది.

నాగరాణికి ఎదురుగా జబీన్ కూర్చుంది. డాక్టరు చెప్పినట్టే నాగరాణి తల వంచుకుని ఊపిరి తీసింది, వదిలింది. ఇరవై నిమిషాలకు అరచేతులు చెమటతో తడిసిపోయాయి. అరగంటకు చెవుల్లో హోరు మొదలైంది. ఇక ఉండబట్టలేక తలెత్తింది.

జబీన్ ఆవులిస్తోంది.

"గింత పరేషాన్ ఎందుకక్కా? ఆటే గదా," అంది మెల్లగా, నాగరాణి అరచేతులు కొంగుకు తుడుచుకోవడం చూసి.

ఆ జాలితో నాగరాణికి ఇంకా మండింది. ఈవిడకు జ్వరం రావాలి, కడుపునొప్పి రావాలి, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఓడిపోయి ఇంటికి పోవాలి అని మొక్కుకుంది. ఇక ఈ జన్మకు వేరే ఏమీ అడగనని దేవుడికి మాటిచ్చింది.

అంతలో నాగరాణి వెనకున్న హాలు తలుపు తెరుచుకుంది, ఆమె తొమ్మిదేళ్ళ కూతురు అమూల్య జబీన్ కూతురి చెయ్యి పట్టుకుని వరండాలోకి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, మస్తు బోరైంది, ఇద్దరం డ్రా చేసుకున్నం," అంది.