వణుకు లేని గీత

మనిషి గీసిన గీత రవంతైనా వణుకుతుందని, వణకనిది యంత్రం గీసిందేనని అందరూ నమ్ముతారు. కలం పట్టే యంత్రాలు వీధి వీధికీ వచ్చాక, శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలకు కూలి నిర్ణయించే తనిఖీ పరికరాన్ని కూడా ఆ నమ్మకం మీదే తయారు చేశారు. చేతిపనికి పూర్తి కూలి, యంత్రపు పనికి పదో వంతు.

నలభై ఏళ్లుగా కలం పట్టిన మునిరత్నం బట్టను ఆ పరికరం వరుసగా మూడోసారి యంత్రపు పనిగా తేల్చింది.

"రవంత వంకరగా గీయరాదా అయ్యా? ఈ నెలా పదో వంతే వస్తే నా మాత్రలు నిలిచిపోతాయి" అంది భార్య సుగుణమ్మ. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె కుడిచెయ్యి వణుకుతోంది.

"వణక్కుండా గీసేదానికే మా నాయన చేత పదేండ్లు తన్నులు తింటిని. ఇప్పుడు వణకమంటే యాడ నుంచి వస్తాది?"

"అయితే కలం ఇట్లియ్యి. నీకు రాని పని నాకు బాగా వచ్చులే."

కొత్త బట్ట మీద అమ్మవారిని మొత్తం ఆమే గీసింది. బొమ్మలో అమ్మవారి ఎడమ కన్ను చెంప మీదికి జారింది. మునిరత్నం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు తనిఖీ పరికరం ఆ బట్టను చేతిపనిగా గుర్తించి, పూర్తి కూలి మంజూరు చేసింది. ఆ నెల నుంచి ఆ ఇంట్లో సుగుణమ్మ బొమ్మలు గీస్తోంది. మునిరత్నం రంగులు మరగబెడుతున్నాడు.