రంగుల పరీక్ష

"బ్రేకు తొక్కండి!" వ్యాను వెనక చతికిలబడిన చిన్నమేస్త్రి కేకేసింది.

రొట్టెల వ్యాను నడిపే ఆయన తొక్కాడు. బ్రేకు దీపం వెలగలేదు. ఎడమ ఇండికేటర్ వెలిగింది.

"ఇప్పుడు ఎడమ ఇండికేటర్ వేయండి."

ఈసారి బ్రేకు దీపం టపటపా కొట్టుకుంది.

"చూశావా అమ్మా? ఆగుదామంటే తిరుగుతానంటుంది, తిరుగుదామంటే ఆగుతానంటుంది. నాకంటే ముందు దీనికే మతి తప్పింది," అన్నాడాయన కిటికీలోంచి తల బయటపెట్టి.

షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్న పెద్దమేస్త్రి నవ్వలేదు. ఆయన చిన్నమేస్త్రికి తండ్రి. బళ్ళ వైరింగులో ఒకప్పుడు ఆయన చెప్పిందే వేదం. కూతురు వేరే ఊళ్ళో బస్సుల డిపోలో ఉద్యోగానికి వెళ్ళిన నెలలోనే షెడ్డుకి తాళం వేసేశాడు. అలిగాడని అందరూ అనుకున్నారు. కూతురికైతే అందులో అనుమానమే లేదు. అది మనసులో ముల్లులా ఉండబట్టే ఉద్యోగం వదులుకుని వచ్చి, ఈమధ్యే ఆ తాళం తీసింది. ఆయన రోజూ వచ్చి కూర్చుంటాడు. పనిముట్టు ముట్టుకోడు. ఆమె పని బాగుందనడు, బాగోలేదనడు. అడిగేది మాత్రం ఒకటే.

"ఏ రంగు తీగ పట్టుకున్నావు?"

అదిగో, మొదలైంది!

"నల్లది నాన్నా. ఎర్తింగుది," అంది పళ్ళు బిగించి.

చిన్నప్పుడు ఈ ప్రశ్న ఆమెకి ఆట. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ మూలకి గిరాటేసి, బోర్లించిన డబ్బా ఎక్కి టార్చి పట్టుకునేది. నాన్న బానెట్ కింద ఒక్కో తీగా పైకి లాగి "ఇదేం రంగు?" అనేవాడు. చెప్పగానే "నా బంగారు తల్లి" అనేవాడు. ఆమె వచ్చేదాకా బళ్ళన్నీ అలా నిలబడి ఉండాల్సిందే. "పాప రానిదే పని ముట్టడు, ఏం ముద్దయ్యా నీకు!" అని బళ్ళవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. పండిన టమాటాలు తెమ్మంటే పచ్చివి ఏరుకొచ్చాడని, కూతురు పక్కన లేకపోతే ఈ మనిషికి లోకం మీద ధ్యాసే ఉండదని అమ్మ సణిగేది. కొత్త టేపు వాసనతో నిండిన ఆ సాయంత్రాలంటే ఆమెకి ఇప్పటికీ ప్రాణం.

కానీ జుట్టు నెరుస్తున్న వయసులో, అదీ బయటివాళ్ళ ముందు అదే ప్రశ్న వేస్తే ఒళ్ళు మండదూ?

ఎడమ దీపం వెనక తీగల్ని జతకలిపే కప్లర్ ఉంది. ఆమె దాని రెండు సగాల్నీ విడదీసింది. పిన్నులు చిలుం పట్టి ఉన్నాయి. బ్రష్షుతో గీకి, వదులైనవాటిని బిగించి, మళ్ళీ తొక్కమంది. మళ్ళీ ఇండికేటరే.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారండీ?"

"ఇంకెవరు? మీ నాన్నే. నువ్వు డిపోకి వెళ్ళిన కొత్తలో. ఈ తిక్క అప్పుడే పట్టుకుంది. మళ్ళీ తెచ్చి చూపిస్తే మనిషి ఉలకడు, పలకడు. చివరికి ఇంకోచోటికి పట్టుకెళ్ళమన్నాడు. నాకూ ఓపిక చచ్చి బండిని మూలన పడేశా. ఇప్పుడు మావాడు తిప్పుతానంటే బయటికి తీశా."

ఆమె కప్లర్ మెడ దాకా చుట్టి ఉన్న టేపు చూసింది. టేపు చివర చిన్న చెవిలా మడత పెట్టి ఉంది. రేపు విప్పబోయేవాళ్ళ గోటికి అందాలని నాన్న అలా మడిచేవాడు. ఆ పని ఇంకెవరూ చేయరు. ఆమె ఆ మడతని బొటనవేలితో ఒకసారి నిమిరింది.

టేపు విప్పింది. ఎర్ర తీగకి ఎదురుగా ఆకుపచ్చది, ఆకుపచ్చదానికి ఎదురుగా ఎర్రది. నిన్నగాక మొన్న పనిలో చేరినవాళ్ళు కూడా చేయని పొరపాటు.

నాన్నేనా ఇలా చేసింది? తను వెళ్ళిపోయినందుకు ఆయన మనసు అంతలా విరిగిపోయిందా?

"ఎలకలండీ. తీగలు కొరికేశాయి," అంది గట్టిగా.

"కొరికి, మళ్ళీ టేపు కూడా చుట్టాయా?" అన్నాడు రొట్టెల ఆయన.

ఆమె మళ్ళీ కప్లర్ మీదికి వంగింది. సన్నటి సూదితో లోపలి లాకులు నొక్కి, రెండు పిన్నులూ బయటికి లాగి, చోట్లు మార్చి పెట్టింది.

"తొక్కండి."

బ్రేకు దీపం ఎర్రగా వెలిగింది.

"అబ్బ! బతికించావు తల్లీ!"

"తారుమారైనవి ఏయే రంగులమ్మా?" గుమ్మంలోంచి అదే గొంతు.

చేతిలో సూది విసిరికొట్టింది చిన్నమేస్త్రి.

"ఎరుపూ ఆకుపచ్చా! పాసయ్యానా? పనైపోయాక కూడా పరీక్షేనా నాన్నా? వెళ్ళిపోయానని షెడ్డు మూసేశావు. తిరిగొచ్చినా నీ అలక తీరలేదు. బాగా చేశావమ్మా అని ఒక్కసారి... ఒక్కసారంటే ఏం పోయింది నీకు?"

ఏడుపు ఆగలేదు. రొట్టెల ఆయన ఎటు చూడాలో తెలియక స్టీరింగు తుడవసాగాడు.

పెద్దమేస్త్రి మెల్లగా లేచి వచ్చి ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఆ రెండు తీగల్నీ పట్టుకుని, కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"నువ్వు చేస్తే బాగుండకపోవడమేమిటి? నిన్ను నేనెప్పుడూ పరీక్షించలేదు తల్లీ," అన్నాడు. "అలగనూ లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని ఆయన వైపు చూసింది. ఆయన ఇంకా ఆ తీగలనే చూస్తున్నాడు.

"పుట్టినప్పటి నుంచీ నాకు ఈ రెండూ ఒకే రంగు తల్లీ."